పదిహేడో వార్డు డిమాండ్

"మాకు డిమాండ్ లేదని రాసినోడెవడు?"

బాలనర్సమ్మ అరుపుకు మున్సిపాలిటీ మీటింగ్ హాల్లో సమోసాలు తింటున్నవాళ్లు కూడా తలలెత్తారు. గోడకు తెర వేలాడుతోంది. దాని మీద పట్టణంలోని వార్డులన్నీ వరుసగా ఉన్నాయి. రాబోయే పాతికేళ్లలో ఎండలు ముదిరి, వానలు ముఖం చాటేస్తే ఏ వార్డుకు రోజుకు ఎన్ని నీళ్లు కావాలో అంకెలున్నాయి. పైన 'డిమాండ్' అని రాసి ఉందని పక్కింటి మల్లిక చదివి చెప్పింది. పదిహేడో వార్డుకు ఎదురుగా గుండ్రంగా ఒక సున్నా ఉంది. సున్నాను గుర్తుపట్టడానికి బడికి పోయి ఉండాల్సిన పనిలేదు. బాలనర్సమ్మ పోలేదు కూడా.

"కూసో బాలనర్సమ్మా," అన్నాడు మున్సిపల్ ఇంజినీరు విజేందర్. "హైదరాబాద్ కెల్లి వచ్చిన సారు చెప్తుండు గద. జర ఇను."

"ఏమినాలె? మూడేండ్ల సంది ఖాళీ బిందెలు పట్టుకొని రోడ్డు మీద కూసుంటున్నం. మంచినీళ్లు గావాలె, మంచినీళ్లు గావాలె అని గొంతులు చించుకుంటున్నం. గది డిమాండ్ గాకుంటే మరేంది?"

హైదరాబాదు సారు పేరు గోపీకృష్ణ. వాతావరణం మారిపోతోంది, నీళ్ల ప్రణాళిక ఇప్పుడే వేసుకోవాలి అని పట్టణాలు తిరిగి చెప్పే నిపుణుడు. చెప్పేది మంచి మాటే, కాదన్నవాళ్లెవరు? కానీ ఆయన నవ్వాడు. అన్నీ తెలిసినవాళ్లు ఏమీ తెలియనివాళ్లను చూసి నవ్వే నవ్వు. చూస్తే ఒళ్లు మండిపోతుంది.

"అమ్మా, ఆ డిమాండ్ వేరు, ఈ డిమాండ్ వేరు. ఇది మీటరు చెప్పే లెక్క. ఐదేళ్లుగా మీ వార్డు మీటరు తిరగలేదు. అంటే మీరు చుక్క నీళ్లు వాడలేదు. వాడలేదంటే అవసరం లేదనేగా? అవసరం లేనిచోట కొత్త ట్యాంకు కట్టి, పైపులు వేసి ఏం చేస్తాం, తుప్పు పట్టిస్తామా?"

"రాని నీళ్లు యాడికెల్లి వాడుతం?" బాలనర్సమ్మ తెర వైపు వేలు చూపించింది. "నల్లాలు బిగిచ్చిండ్రు, ఫోటోలు దిగిండ్రు, పోయిండ్రు. మాది ఎత్తు జాగ. నీళ్లు పైకి ఎక్కనే ఎక్కయ్. బోరింగు నీళ్లు తాగి తాగి పోరగాండ్ల పండ్లు గారపట్టినయ్. నా మనుమరాలికి ఏడేండ్లు. నవ్వమంటే నోటికి చెయ్యడ్డం పెట్టుకుంటది. గీ సున్నా గట్లనే ఉంటే పాతికేండ్లు మాకు పైపు రాదు. గంతేనా?"

"మీ బాధ నిజమేనమ్మా. కానీ లెక్కకు ఆధారం కావాలి. మీ వార్డు మున్సిపాలిటీ నీళ్లు వాడినట్టు, సంతకం ఉన్న కాగితం ఒక్కటి చూపించండి. సున్నా ఇప్పుడే తీసేస్తాను."

"కాయిదమా?"

ఆ రోజు బాలనర్సమ్మ మేస్త్రీ పనికి పోలేదు. పొద్దున కోర్టులో వాయిదా ఉంటే వెళ్లి, అటునుంచి అటే ఇక్కడికి వచ్చింది. చంకలో సంచి ఇంకా అలాగే ఉంది. అందులోంచి నలిగిన కాగితం ఒకటి తీసి, ఆయన ముందు బల్ల మీద చరిచింది. దాన్ని చూడగానే విజేందర్ సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"గట్టిగ సదువుండ్రి సారూ. అందరు ఇననీ."

అది పోలీసు కేసు కాగితం. గోపీకృష్ణ చదివాడు. నిరుడు ఎండాకాలం పదిహేడో వార్డు ఆడవాళ్లు మెయిన్ పైపుకు రంధ్రం చేసి, రోజుకు ఇరవై వేల లీటర్ల చొప్పున నలభై రోజులు మున్సిపాలిటీ నీళ్లు దొంగిలించారని ఫిర్యాదు. మొదటి ముద్దాయి బాలనర్సమ్మ.

"కింద సంతకం ఎవలది?"

"విజేందర్ గారిది," అన్నాడు గోపీకృష్ణ మెల్లగా.

"ఇన్నరా! ఆడ మేం చుక్క వాడలేదని రాసిండ్రు. ఈడ దినాం ఇరవై వేలు వాడినమని కేసు పెట్టిండ్రు. సున్నా నిజమైతే నా మీది కేసు కొట్టెయ్యుండ్రి. కేసు నిజమైతే గా సున్నా కొట్టెయ్యుండ్రి. రెండిట్ల ఏదో ఒకటి కొట్టేసిందాంక నేనీడికెల్లి కదల!"

"కొట్టెయ్యాలె!" అని వెనక నిలబడ్డ ఆడవాళ్లంతా ఒక్కసారిగా అరిచారు. విజేందర్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గోపీకృష్ణ కాగితం వంక చూశాడు, ఇంజినీరు వంక చూశాడు, ఆడవాళ్ల వంక చూశాడు. కంప్యూటరు దగ్గరికి లాక్కున్నాడు.

తెర మీద పదిహేడో వార్డు సున్నా మాయమైంది. మరుక్షణం అదే వరుసలో, పక్క గడిలో 20,000 ప్రత్యక్షమైంది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అంతసేపూ నిప్పులు కక్కిన బాలనర్సమ్మ కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇన్నేళ్లకు తన మాట లెక్కలోకి ఎక్కింది. ఇంటికి పోయి మనవరాలికి ఏమని చెప్పాలా అనుకుంటూ, పక్కనున్న మల్లిక భుజాన్ని తట్టింది.

"మన అంకె మీద ఏం రాసిండ్రో సదువే. డిమాండ్ అనేనా?"

మల్లిక చప్పట్లు కొట్టడం లేదు. తెర వంకే చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"'దొంగతనం. వచ్చే ఎండాకాలంలోపు పూర్తిగా అరికట్టవలసిన నష్టం' అని రాసిండ్రు పెద్దమ్మా."