ఒక బల్ల, రెండు కెమెరాలు

"అమ్మా, కాస్త మధ్యకి జరుగు. ఫోటోలో సగం ఖాళీ బల్లే పడుతోంది."

"పడనీ నాయనా. నాకిక్కడే బాగుంది," అంది ముసలమ్మ, బల్లకి కుడి చివర కదలకుండా కూర్చుని.

ముఫుటావు నిట్టూర్చాడు. నైజీరియాలోని అబెయోకుటా ఊళ్ళో ఇటోకు సంత పక్కన తండ్రి పెట్టిన స్టూడియో అది. ఫోన్లు వచ్చాక జనం ఆ మెట్లెక్కడమే మానేశారు. పోయిన నెల ఉన్నదంతా ఊడ్చి లేగోస్ నుంచి పెద్ద మిర్రర్‌లెస్ కెమెరా తెచ్చుకున్నాడు. దాన్ని చూస్తే అయినా జనం మళ్ళీ వస్తారని ఆశ. నాలుగు రోజులుగా ఈగ కూడా వాలలేదు. ఎట్టకేలకు ఇవాళ ఒక మనిషి వచ్చింది. వచ్చింది సరే, జేబులో పట్టే చిన్న కెమెరా ఒకటి రుమాల్లో చుట్టుకుని మరీ తెచ్చింది. పక్కింటి పంతులమ్మదట. విందుకి పిలిస్తే సద్దిమూట కట్టుకొచ్చినట్టుంది ఈవిడ వరస.

"దీంతో ఒకటి, నీదాంతో ఒకటి తియ్యి," అంది రాగానే.

పెద్దవాళ్ళని పేరడగడం మర్యాద కాదు గనక పుస్తకంలో 'ఇయా అలారో' అని రాసుకున్నాడు. గుడ్డలకి నీలిరంగు అద్దే ఆడవాళ్ళని ఊరంతా అలాగే పిలుస్తుంది. ఆవిడ గోళ్ళ సందుల్లో ఆ నీలం ఇంకా ఉంది.

"ఇది ఆషామాషీ కెమెరా కాదమ్మా," అన్నాడు ముఫుటావు తన కెమెరాని తుడుస్తూ. "లోపల అద్దం ఉండదు. అదీ దీని గొప్ప."

"అద్దమే లేకపోతే మొహమేం చూపిస్తుంది?"

"నీ కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు! నువ్వు తెచ్చిన ఆ డబ్బీతో దగ్గర్నుంచి తీస్తే ఏమవుతుందో తెలుసా? ముక్కు కందగడ్డవుతుంది. చెవులు మాయం. మొహం పీక్కుపోతుంది."

"తెలుసు. పంతులమ్మ తీసినప్పుడు చూశా."

"తెలిసే తెచ్చావా?"

"తెలిసే తెచ్చా."

ముఫుటావుకి ఒళ్ళు మండింది. అయినా నాలుగు రోజుల తర్వాత దొరికిన బేరం, నోరు అదుపులో పెట్టుకున్నాడు. "ఇంతకీ ఫోటో ఎవరికమ్మా?"

"మా ఇంటి గోడకి. ఒక్క ఫోటో లేదు మా ఇంట్లో. తీయించుకుందాం, తీయించుకుందాం అంటూనే రంగుతొట్ల దగ్గర డెబ్బై ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం. చెయ్యి అలవాటు మానదు కదా, ఇంకా ఇద్దరికి వండుతున్నా. సగం కోళ్ళకి పోస్తున్నా."

"ఎప్పుడైందమ్మా?"

"వానలు మొదలవగానే."

భర్త పోయిన ఆడవాళ్ళని ముఫుటావు చాలామందిని చూశాడు. కానీ తన బొమ్మ తానే గోడకి తగిలించుకుని చూసుకోవాలనుకున్న మనిషిని చూడటం ఇదే మొదలు. కోపం పోయి జాలేసింది. కాస్త నవ్విద్దామనుకున్నాడు.

"దానికి ఫోటో ఎందుకమ్మా, అద్దం చాలదూ?"

ఆవిడ నవ్వలేదు. "అద్దం ఉంది. రోజూ చూస్తున్నా. కొద్దిలో తప్పిపోతోంది."

వయసు తెస్తున్న మార్పుల గురించి అంటోందనుకుని అతను తలాడించాడు. పెద్ద కెమెరా కంటికి ఆనించి నొక్కాడు.

ఆవిడ లేచి వెళ్ళి బల్లకి ఎడమ చివర కూర్చుంది. తలగుడ్డ విప్పి ముడి రెండోవైపుకి తిప్పి కట్టుకుంది. మెడ నిటారుగా చేసి, గడ్డం ఎత్తి, కొంచెం పొగరుగా చూసింది.

"అలా కాదమ్మా. పోటీ అన్నాక రెండూ ఒకేచోట తియ్యాలి. అప్పుడే ఏది గొప్పదో తేలుతుంది."

"పోటీ సంగతి నాకు తెలీదు. నేనిటే కూర్చుంటా. నువ్వు దగ్గరకి రా. ఇంకా. ఇంకొంచెం."

"ఇంకా వస్తే కెమెరా నీ ముక్కెక్కుతుంది!"

"ఎక్కనీ."

విసుక్కుంటూనే ఆ డబ్బీతో నొక్కాడు. కరెంటు లేదు. జనరేటరు తాడు లాగి, రెండు ఫోటోలూ అచ్చువేసి తెచ్చాడు.

పెద్ద కెమెరా ఫోటో చూసి అతనికే ముచ్చటేసింది. నుదుటి మీది గీతలు, గోళ్ళలోని నీలం, కంట్లో కిటికీ వెలుగు అన్నీ ఉన్నాయి. ఆవిడ దాన్ని చూసి "బాగుంది నాయనా" అని పక్కన పెట్టింది. రెండోది అందుకుంది. లావుపాటి ముక్కు, సన్నబడిన మొహం. ఆవిడ ఆ ముక్కుని వేలితో మెల్లగా తడిమి, "ఇదిగో... ఇదిగో" అనుకుంది.

ముఫుటావు తన కెమెరా వంక చూశాడు. ముప్పై ఏళ్ళ పనితనం, అంత పెద్ద కెమెరా, ఒక డబ్బీ ముందు ఓడిపోయాయా? ఇక ఈ స్టూడియో ఎవరి కోసం తెరవాలి?

"రెండూ ఒకే చట్రంలో పెట్టు. మధ్యలో సందు ఉండకూడదు," అంది ఆవిడ.

అతనికి ప్రాణం లేచొచ్చింది. పక్కపక్కన పెడితే ఏది ఎంతో గుడ్డివాడైనా చెబుతాడు. అంచులు శ్రద్ధగా కత్తిరించి, రెంటినీ కలిపి, అద్దం బిగించి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఖాళీ బల్ల ఎక్కడా మిగల్లేదు.

"ఇప్పుడు నిజం చెప్పమ్మా. ఈ రెంట్లో అచ్చం నీలా ఉన్నదేది?"

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"కుడివైపున్నది నేను నాయనా, ఎడమవైపున్నది నా కవల అక్క."