పదిన్నరా, పన్నెండున్నరా?

"ఇవి తీసేసి మళ్ళీ పాతవే వెయ్యండి," అన్నాడు కళ్ళజోడాయన జీపు దిగుతూనే.

టైర్ల కొట్టు యజమానిని ఆ వీధి వీధంతా గాలి బాబాయి అంటుంది. సైకిళ్ళకు గాలి కొట్టే పంపుతో మొదలుపెట్టాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. నోరు తెరిస్తే ఆపడు కాబట్టి నిలిచిపోయింది. ఆయన వంగి టైరు చూశాడు. అచ్చులోంచి వచ్చిన రబ్బరు వెంట్రుకలు కూడా ఇంకా అరగలేదు. మొన్ననే, అదీ తన సలహా మీదే వేసిన టైర్లవి.

"ఏం, ఏమైనా తేడా చేశాయా?"

"లేదు. బాగానే నడుస్తున్నాయి."

"మరి?"

"చప్పుడు లేదు."

ఇన్నేళ్ళ వ్యాపారంలో టైరు చప్పుడు చెయ్యడం లేదని ఫిర్యాదు తెచ్చినవాణ్ణి బాబాయి చూడలేదు. ఎగతాళేమో అనుకున్నాడు. కానీ ఆయన ముఖంలో ఎగతాళీ లేదు, కోపమూ లేదు, అసలేమీ లేదు. బాబాయి టీ తెప్పించి, మొన్న చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. జీపు ఎత్తు పెంచారు, నిజమే, దాని కింద ఎంత వెడల్పు టైరైనా పడుతుంది. కానీ రోజూ ఆఫీసుకు పోయివచ్చే బండికి పన్నెండున్నర అంగుళాలెందుకు? ఇసుకలో తేలాలంటే అవి కావాలి. తారురోడ్డు మీద హోరు పెడతాయి, స్టీరింగు బరువెక్కి భుజాలు లాగేస్తాయి, పూర్తిగా తిప్పితే మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ అంచుకు ఒరుసుకుంటాయి. అదే పదిన్నర అయితే బురదను కోసుకుంటూ పోతాయి, రోడ్డెక్కితే నోరెత్తవు. గోడతో చెప్పుకున్నా ఇంతకంటే నయమే అనిపించింది బాబాయికి. టీ ఆయన చేతిలోనే చల్లారి తెట్టు కట్టింది.

"రెండ్రోజులుగా ఇంట్లో అన్నం దగ్గర పేచీ అవుతోంది," అన్నాడు కళ్ళజోడాయన చివరికి.

అప్పుడు వెలిగింది బాబాయికి. జీపు ఎత్తు పెంచిందీ, ఆ వెడల్పు టైర్లు ఏరికోరి వేయించిందీ తన కొడుకని మొన్న ఈయనే చెప్పాడు. తనకు చెప్పకుండా మార్చేశారని ఆ సుపుత్రుడు అలిగి కూర్చుని ఉంటాడు. నెత్తిన పెట్టుకుని పెంచితే ఇంతే మరి, టైర్ల కోసం కూడా కంచం తోసేస్తారు.

"అబ్బాయికి ఫోన్ కలపండి సార్. నేను నచ్చజెబుతాను."

కళ్ళజోడాయన జేబులోంచి ఒక ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని అద్దం నిండా బీటలు. "వాడి ఫోన్ ఇదే. నా దగ్గరే ఉంటోంది."

అంటే ఫోన్ కూడా లాక్కున్నాడన్నమాట. గొడవ చిన్నది కాదు. తండ్రీకొడుకుల మధ్య దూరిన మూడోవాడికే దెబ్బలు తగులుతాయని తెలిసిన మనిషి కనుక బాబాయి ఆ ఫోన్‌ను మళ్ళీ ఆయన వైపే జరిపాడు.

"పాతవి ఉన్నాయా?"

ఆ ఒక్క మాట అడిగేటప్పుడు మాత్రం ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మూడు వెనక షెడ్డులో ఉన్నాయి. నాలుగోది వీధి మొగలో బోర్డుగా నిలబడి ఉంది. దాని మీద తెల్లరంగుతో 'పంక్చర్లు వేయబడును' అని నిన్ననే రాయించాడు. అదే వెడల్పులో కొత్తవి ఇస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. కొత్తవాటి హోరు వేరేగా ఉంటుందట.

"ఆ రాతతో చూడ్డానికి బాగోదు సార్."

"చూసేవాళ్ళు లేరులెండి."

"పోనీ, ఆ చప్పుడు? ఇంట్లో పెద్దవాళ్ళుంటే నిద్ర పట్టొద్దూ?"

"మా అమ్మ ఉంది. మంచం మీదే ఉంటుంది. చూపు పోయింది గానీ, చెవులు మాత్రం పాము చెవులు."

"మరి ఆవిడకి ఇబ్బంది కదా?"

"ఇబ్బంది లేదు."

టైర్లు బిగించాక, ఒరుసుకునే చోట లోపలి అంచు కాస్త కోసేద్దామని బాబాయి కత్తి తీశాడు. కళ్ళజోడాయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కొయ్యకండి. ఒరుసుకోనివ్వండి."

టైరు తినేస్తుందని చెప్పినా వినలేదు. మా గేటు మలుపులో తప్ప ఎక్కడా అంత తిప్పనన్నాడు. బాబాయికి మనసొప్పలేదు. తన కొట్లోంచి వెళ్ళిన బండి ఒరుసుకుంటోందంటే పరువు తనదే పోతుంది. ఎంత ఒరుసుకుంటుందో కళ్ళారా చూస్తానని పక్కసీట్లో ఎక్కి కూర్చున్నాడు.

దారంతా టైర్ల హోరే. ఊరుకోబుద్ధి కాక బాబాయి, "పోనీలెండి, మీరే ఓ మెట్టు దిగారు. అబ్బాయి సంతోషిస్తాడు," అన్నాడు. ఆయన గేరు మార్చాడు.

గేటు దగ్గర స్టీరింగు పూర్తిగా తిప్పగానే ముందు టైరు బరబరా ఒరుసుకుంది. ఆ చప్పుడుకు కళ్ళజోడాయన భార్య అన్నం కలిపిన పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. కొత్తమనిషిని చూసి, మాట్లాడవద్దన్నట్టు పెదవుల మీద వేలు పెట్టింది. అలిగిన కుర్రాడెక్కడా అని బాబాయి అటూ ఇటూ చూశాడు. వరండాలో కుర్రాడి బూట్లు ఉన్నాయి. వాటి మీద దుమ్ము పేరుకుని ఉంది.

లోపలి గదిలోంచి ముసలి గొంతు వినిపించింది. "వచ్చావట్రా బుజ్జీ? రెండ్రోజులుగా జీపు చప్పుడే లేదు, ఎక్కడ తిరుగుతున్నావు? నువ్వొచ్చేదాకా ముద్ద ముట్టనని చెప్పాను వీళ్ళకి."

కళ్ళజోడాయన గొంతు సవరించుకున్నాడు. బాబాయి అప్పటిదాకా వినని కుర్రగొంతుతో, హుషారుగా జవాబు చెప్పాడు.

"వచ్చేశాను నానమ్మా."