పొగ వాసన

"అత్తయ్యా, పొగ వాసన వస్తున్నట్టు లేదాండీ?" పాప ఉయ్యాల ఊపుతూ అడిగింది కెజియా.

వడగాలికి భయపడి తలుపులన్నీ మూసే ఉంచారు. గుమ్మం పక్కన మంచం మీద పడుకున్న పుష్పమ్మ కళ్లు తెరవలేదు.

"ఏం లేదమ్మాయ్. మీ తాడేపల్లిగూడెం వాళ్లకి అన్నిటికీ కంగారే."

ఎండిన కొల్లేట్లో గడ్డి అంటుకుంటే ఊరందరికన్నా ముందు పసిగట్టేది అత్తగారే. కెజియా స్థిమితపడింది.

కాసేపటికి తాటాకు చూరు సందులోంచి మసి రాలి పాప బుగ్గ మీద పడింది. వేలితో తుడిస్తే వెచ్చగా తగిలింది.

కెజియా తలుపు తీసింది. పడమటి గట్టు మీద కిక్కిస గడ్డి ఇంటెత్తున మండుతోంది. గాలి ఇటే వీస్తోంది.

"లేవండత్తయ్యా! వాసన లేదన్నారేంటండీ?"

పుష్పమ్మ మంచం మీంచి లేచింది. "పోయిన నెల జ్వరమొచ్చిన దగ్గర్నుంచీ నాకే వాసనా తెలీట్లేదమ్మా. చెబితే నువ్వు భయపడతావని చెప్పలేదు."

కెజియా పాపని ఎత్తుకుంది. ముగ్గురూ వెనకున్న చేపల చెరువులోకి దిగారు. నడుము దాకా నీళ్లు. ఇల్లు పొగలో కనబడకుండా పోయింది. కళ్లు తెరుచుకోవడం లేదు.

"వాసన తగ్గిందా అమ్మాయ్?" అంది పుష్పమ్మ.

కాపురానికొచ్చిన ఈ మూడేళ్లూ గడ్డి అంటుకున్నప్పుడల్లా ఆ మాట అడిగేది కెజియా. జవాబు చెప్పేది అత్తగారు.

పాప మొహం తడి కొంగుతో కప్పి, కెజియా తల పైకెత్తి గాలి పీల్చింది.

"ఇంకా వస్తోందండీ. నా చెయ్యి వదలకండి."