నత్త చూసిన పందెం

తామరకుంట మీద ముసలి తూనీగకు అదే ఆఖరి పందెమని విని, దాని ఎగురుడు ఒక్కసారైనా చూడాలని నత్త మూడు రోజులు పాకి వచ్చింది. అప్పటికే పందెం ముగిసింది, తూనీగ ఓడిపోయింది. పందెం చూడ్డానికొచ్చి ఆకుల మీద కూర్చున్న కప్పలు మాత్రం కదల్లేదు.

"ఆ ముసలాడి రెక్కల్లో పసేదిరా?" అంది ఒక కప్ప.

"పసుంది బావా! నేర్పే తాబేలుకే బుర్ర లేదు," అంది ఇంకొకటి.

"ఇంతకీ ఎలా ఎగిరాడన్నా?" నత్త ఆశగా అడిగింది.

కప్పలు మొహమొహాలు చూసుకున్నాయి. వాదులాటలో పడి ఒక్కటీ చూడలేదు.

రెల్లుపువ్వు మీద వాలి ఉన్న ముసలి తూనీగ ఆ మాట విన్నది. మెల్లగా లేచి, సాయంత్రపు నీటి మీద నత్త కోసం ఒక్క చుట్టు తిరిగింది.

"తప్పంతా తాబేలుదే!" కప్పలు మళ్లీ మొదలెట్టాయి.

నత్తకు వినబడలేదు. కొమ్ములు చాచి, నీటి మీద ఆ రెక్కల నీడనే చూస్తూ ఉండిపోయింది.