వంటింట్లోంచి గొంతు

యూట్యూబ్ ఇంటర్వ్యూ చెయ్యడానికి కావలి ఊరొచ్చిన వెన్నెల అడిగింది. "మీ కామెడీ సీరియల్లో మీ భార్య పాత్ర గొంతే వినపడేది. మనిషిని ఎప్పుడూ చూపించలేదేం సార్?"

"నటి దొరకలా," అన్నాడు ఒకప్పటి హీరో పెంచలయ్య.

"ఏమయ్యో, పులుసు దించినా. మాటల్తోనే కడుపు నింపుకుంటావా?" వంటింట్లోంచి ఆయన భార్య కేకేసింది.

వెన్నెల ఉలిక్కిపడింది. చిన్నప్పుడు వారం వారం విన్న గొంతది.

"మొదటిరోజు షూటింగుకి నాకు క్యారియర్ తెచ్చింది. నాలుగు మాటలు అనమన్నాం," నసిగాడు పెంచలయ్య.

"నాలుగు మాటలు ఆరేళ్లు చెప్పినా. పేరు మాత్రం వెయ్యలా," లోపల్నించి జవాబొచ్చింది.

వెన్నెల ఆమెను పిలిచింది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, మొగుణ్ణి లేపి ఆ కుర్చీలో కూర్చుంది. "నువ్వు పోయి అన్నం వార్చు."

కాసేపటికి వంటింట్లోంచి కేక. "ఏమే, గంజి దేంట్లోకి వార్చాల?"

"ఉండయ్యా." ఆమె కెమెరా వైపు తిరిగింది. "నా పేరు స్వర్ణ."