వాల్వుకి కట్టిన పేలిక

"ముట్టుకోకక్కా, స్మారకం అది," అన్నాడు తమ్ముడు.

విప్లవానికి ముందు ఇద్దరూ ఈ భూగర్భ నగరంలో గాలి గొట్టాల పనివాళ్ళే. మంత్రి అయ్యాక తమ్ముడికి పై అంతస్తు గాలి సోకింది. దగ్గు పోయి ఉపన్యాసం పట్టుకుంది.

అద్దాల పెట్టెలో ఉన్నది కింది అంతస్తుకి గాలి వదిలే వాల్వు. తిరుగుబాటు నాడు దాన్నెవరో మూసేస్తే, అక్క కొడుకుతో సహా వీధి వీధంతా ఊపిరాడక పోయింది. ఆ కోపంతోనే జనం పైకెక్కి దొరల్ని దించారు.

"నా మేనల్లుణ్ణి మింగిన దొరల పాపం ఇదీ అని లోకమంతా చూడాలి!"

"దొరికింది దొరికినట్టే పెట్టారా?"

"చెయ్యి పెట్టనిస్తానా? మసి కూడా తుడవలేదు."

అక్క వంగి చూసింది. వాల్వు చక్రానికి నీలిగళ్ళ పేలిక ముడేసి ఉంది. మూసిన వాల్వుని తెలియక ఇంకొకరు తిప్పకుండా, చొక్కా చింపైనా పేలిక కట్టడం గొట్టాలవాళ్ళ పద్ధతి. అదెంత ఒంటబట్టిందంటే, కట్టినట్టు కట్టినవాడికే గుర్తుండదు.

"దొరలు మహా పనిమంతులురా," అంది అక్క. "జన్మలో వాల్వు ముట్టనివాళ్ళు, పేలిక కట్టడం మాత్రం మర్చిపోలేదు."

తమ్ముడు పేలిక వంక చూశాడు.

"అక్కా... ఎంత మొత్తుకున్నా జనం కదల్లేదు. ఏదో ఒకటి జరక్కపోతే..."

"ఆ చొక్కా నేను కుట్టిందే కదరా. మిగిలిన ముక్క కూడా తెచ్చి పెట్టెలో పెట్టు. సగం స్మారకం ఏం బావుంటుంది?"