మూత పడని సంచి

ఉప్పెన మా ఇంటిని ముంచడానికి పదకొండు నిమిషాలే ఉన్నాయి. డ్రైవరు లేని పడవ గుమ్మం ముందే ఆగి ఉంది. విపత్తు సంచికి మూత పడితే గాని పడవ తలుపు తెరుచుకోదు. లోపలి మూడ్రోజుల సరుకులో ఏ ఒక్కటి తగ్గినా మాట్లాడే ఆ సంచికి మూత పడదు.

"టార్చిలో బ్యాటరీలు లేవు," అంది సంచి. "ఈశ్వర్రావు గారు గోడ గడియారానికి వేశారు."

ఈశ్వర్రావంటే మా నాన్నే. గడియారంలోంచి వాటిని పీకాడు. మా ఇంట్లో కాలం ఆగింది. నీళ్లు మాత్రం రెండో మెట్టెక్కాయి.

"బిస్కెట్లు లేవు."

"పాడైపోతాయని తినేశానండీ," అంటూ అమ్మ కొత్తవి తెచ్చి పెట్టింది.

"కొన్న పూటే తిన్నారు," అంది సంచి. "నాయనమ్మ గారి షుగరు మాత్రల డబ్బాలో పిప్పరమెంట్లు ఉన్నాయి. పెట్టింది..."

దాని నోరు మూయడానికి నేను వెళ్లి దాని మీద కూర్చున్నాను. అది నా కింద నుంచే నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది.

"మాత్రలేవే?" అన్నాడు నాన్న.

"అటక మీద దాచాను నాన్నా."

ఎక్కి చూస్తే అక్కడ లేవు. కింద నీళ్లు గుమ్మం దాటాయి. అటకంతా తడిమాను. నేను దాచింది వేళాకోళానికే.

"ఇంక దిగవే," అంది నాయనమ్మ, కొంగు ముడి విప్పి మాత్రలు సంచిలో వేస్తూ. "నువ్వు దాచిన పూటే తీసేశాను. నీ నోటితో చెప్తావో లేదో చూద్దామని ఊరుకున్నాను."

మూత పడింది, పడవ తలుపు తెరుచుకుంది. నాయనమ్మ పిప్పరమెంట్లు నా దోసిట్లో పోసింది.

"మూడ్రోజులూ నీకు అన్నం ఇదే."